రండి అంటే దిగులు

సాఫ్ట్‌వేర్ అంటే హైదరాబాద్‌లో ఉద్యోగమని మా వనపర్తిలో అందరూ అనుకునే రోజుల్లో, అది ఉద్యోగం కాదు ప్రేమ అనుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడం మానేసి, ఇంట్లో కూర్చుని రాసుకు బతుకుతానని ప్రకటించి ఏడాదైంది. పత్రికలకు వ్యాసాలు, రైతులకు పంచే సలహా పుస్తకాలకు తెలుగు అనువాదాలు, మధ్యమధ్య పెళ్లిపత్రికల్లోని తప్పులు దిద్దడం, ఇవీ నా పనులు. ఎవరైనా అడిగితే మా అమ్మ "ఇంట్ల కూసొని రాస్తది" అనేది. (ఏం రాస్తదని మళ్లీ అడిగేవాళ్లకు ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. ఒక్కోసారి నా దగ్గర కూడా ఉండేది కాదు.) రాయడం కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ మీద రాయడం తప్ప మిగతావన్నీ చేస్తుండేదాన్ని. ఉచితంగా దొరికే ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ తెచ్చి ఎక్కించేదాన్ని, నచ్చకపోతే తీసేసి ఇంకోటి ఎక్కించేదాన్ని. పక్కింటి వాళ్లు కొత్త చీర కట్టుకొచ్చి చూపించినట్టు, కొత్త అక్షరాల తీరు, అంటే ఫాంటు, ఒకటి దొరికితే మా అమ్మకు చూపించేదాన్ని. ఆమె చూసి "మంచిగుంది, అన్నం తిను" అనేది.

ఈ ప్రేమను అర్థం చేసుకునే జనం నాకు వనపర్తిలో దొరకలేదు గానీ, ఇంటర్నెట్‌లో దొరికారు. తెలుగులో కంప్యూటర్ వాడాలనే పట్టుదల ఉన్నవాళ్ల ఫోరం ఒకటి ఉండేది. అందులో ముప్పై నలభై మందిమి. ఎవరికీ అసలు పేర్లు లేవు, అన్నీ పెట్టుకున్న పేర్లే. నా పేరు 'పాలపిట్ట'. మెనూల్లో ఉండే మాటలను తెలుగులోకి మార్చడం, ఆ మార్చిన మాటల మీద వారాల తరబడి వాదించుకోవడం మా పని. 'సేవ్' అనే మాటకు 'భద్రపరచు' అనాలా 'దాచు' అనాలా అన్నదాని మీద మేము ఎంత రాశామో, ఆ శ్రద్ధ నా వ్యాసాల మీద పెట్టి ఉంటే మా అమ్మకు జవాబు చెప్పుకునే బాధ తప్పేది. నేను 'దాచు' పక్షం. అవతలి పక్షం పెద్ద 'అచ్చుతప్పు' అనే ఆయన. పేరు అచ్చుతప్పు గానీ, ఎవరు ఏం రాసినా అందులో తప్పులు ఏరి ముందు పెట్టడమే ఆయన నిత్యకృత్యం. నేను ఒకసారి పొరపాటున 'గట్ల కాదు' అని రాశాను. "మెనూల చర్చలో యాస ఎందుకు?" అని ఒక్క ముక్క రాశాడాయన. ఆ ముక్క నన్ను రెండు రోజులు తిననివ్వలేదు. (మూడో రోజు ఫోరం నియమాలు చదివి, యాస కూడదని ఎక్కడా లేదని జవాబు రాశాక గానీ నిమ్మళించలేదు.)

ఆ ఏడాది మా ఫోరం వాళ్లమంతా కలిసి ఒక పనిముట్టు తయారుచేశాం. దాని పేరు 'దిద్దరి'. మనం రాసిన తెలుగును చదివి, తప్పు కనిపిస్తే దానికి దగ్గరగా ఉండే ఒప్పు మాట ఏదో సూచిస్తుంది. దానికి మాటలు నేర్పడానికి పాత పత్రికల్లోంచి లక్షల కొద్దీ వాక్యాలు పోశాం. అంటే పత్రికల్లో ఉన్న మాట దానికి ఒప్పు, లేని మాట తప్పు. అందులో ఒక బటన్ ఉండేది, 'అన్నీ మార్చు' అని. ఆ రెండు మాటల అనువాదం నాదే. అందుకని దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

అలాంటి రోజుల్లో గద్వాల నుంచి పెద్దసారు ఫోన్ చేశారు. పెద్దసారు నాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు. లింగాల, అచ్చంపేట, అయిజ, ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పోయి, బడి వదిలాక పొలాల గట్ల మీద కూలి వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు మాట్లాడే మాటలు నోటుపుస్తకాల్లో రాసుకున్న మనిషి. ముప్పై ఏళ్లు అలా రాసి, రిటైరయ్యాక ఒంటి వేలితో రెండేళ్లు కంప్యూటర్‌లో టైపు చేశారు. పాలమూరు మాటల నిఘంటువు. మాట, దాని అర్థం, ఎవరు ఎక్కడ అన్నారో ఒక వాక్యం. "నువ్వు కంప్యూటర్ల పండితురాలివైనవంట గదా బిడ్డా. జర అక్షరదోషాలు చూసి, పుస్తకం లెక్క పేజీలు కట్టియ్యి" అన్నారు. పండితురాలు అన్న మాట విన్నాక నేను నేల మీద లేను. బస్సెక్కి పెబ్బేరు, బీచుపల్లి మీదుగా గద్వాల పోయి పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాను. జాగ్రత్త అని ఆయన చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని ఆయనకు తోచి ఉండదు. పెద్దసారు టైపు చేసిన కంప్యూటర్ అప్పటికే పాడైపోయింది. నోటుపుస్తకాలకు చెదలు పట్టి, మిగిలినవి పాతకాగితాల వాడికి పోయాయి. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. ఒంటి వేలి టైపింగు కదా, అక్షరదోషాలు నిజంగానే చాలా ఉన్నాయి. ఒక పేజీ చూశాను, రెండు పేజీలు చూశాను, మూడో పేజీలో దిద్దరి గుర్తొచ్చింది. మా సొంత చేతులతో చేసుకున్న పనిముట్టును మా సారు పుస్తకం మీద మొదటిసారి నడపబోతున్నానని ఫోరంలో రాశాను. పన్నెండు మంది శుభాకాంక్షలు చెప్పారు. 'అన్నీ మార్చు' నొక్కాను. నిమిషం కూడా పట్టలేదు. దిద్దరి కొన్ని వేల తప్పులు దిద్దినట్టు ఒక చిన్న కిటికీలో చూపించింది. ఎంత పని తప్పించింది అని మురిసిపోయి, అదే పేరుతో, అదే పెన్‌డ్రైవ్‌లో భద్రపరిచాను. (దాచినా ఫలితం అదే అయ్యేది.) తర్వాత వారం రోజులు పేజీల అంచులు, అంకెల తీరు, అట్ట మీది అక్షరాల వంపు, వీటి మీద కష్టపడ్డాను. లోపలి మాటలు ఒక్కటీ చదవలేదు. చదవడం దిద్దరి పని కదా.

ముద్రణకు ముందు చూపించాలని కాగితాల మీద తీసి, అట్ట వేయించి, గద్వాల తీసుకుపోయాను. పెద్దసారు అద్దాలు తుడుచుకుని, మధ్యలో ఏదో పేజీ తీసి చదవడం మొదలుపెట్టారు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు, మళ్లీ మొదటికి వచ్చారు. తలెత్తి, కోపం లేకుండా, ఏదో సందేహం అడుగుతున్నట్టు అడిగారు.

"రండి అంటే దిగులు అని ఉన్నది. గిది అచ్చయితే గద్వాలల ఎవరింటికి ఎవరన్న పోతరా బిడ్డా?"

కాగితాలు అందుకుని చూశాను. 'రంది' అనే మాట మా దిద్దరికి తెలియదు. అందుకని దగ్గరగా ఉన్న 'రండి' పెట్టింది. రండి: మనసులో దిగులు. కింద ఉదాహరణ, 'కొడుకు వలస పోయినప్పటి నుంచి ఆమెకు రండి పట్టుకుంది.' నా కళ్లు కిందికి జారాయి. దూప అంటే దాహం. అది 'ధూపం' అయింది. ధూపం: దాహం, నీళ్లు తాగాలనిపించడం. ఇగురం అంటే ఒడుపు, తెలివిగా సర్దుకుపోవడం. అది 'ఇగురు' అయింది. ఇగురు ఉన్న కోడలు ఇల్లు నిలబెట్టింది అని ఉంది, ఆమె వంట బాగా చేస్తుందన్నట్టు. స్పృహ అనే అర్థం ఉన్న సోయి కాస్తా 'సోయా' అయి కూర్చుంది. ఇవి కొంచెం నయం. 'తెల్వదు' ఉండవలసిన చోట 'తెలియదు: తెలియదు' అని ఉంది. 'ఇట్లా: ఇట్లా.' 'ఏమిటి: ఏమిటి.' తెలిసిన మాటకు అదే మాటను అర్థంగా చెప్పే నిఘంటువు తెలుగులో అదే మొదటిది అయి ఉంటుంది.

"ముప్పై ఏండ్లు తిరిగింది తెలియదు అంటే తెలియదు అని చెప్పనీకేనా" అన్నారు పెద్దసారు. ఆ మాట నాతో కాదు, తనలో తను అనుకున్నారు. పాత ఫైలు ఎక్కడుందని అడిగారు. నా మొహం చూసి అది లేదని ఆయనే తెలుసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. తిట్టి ఉంటే నేను ఏడ్చి తేలికపడేదాన్ని. బస్సులో వస్తూ బీచుపల్లి వంతెన మీద కృష్ణను చూస్తూ, ఇక జన్మలో కంప్యూటర్ ముట్టకూడదనుకున్నాను. ఇంటికి చేరగానే ముట్టాను. ఎందుకంటే ఏడవడానికి కూడా నాకు తెలిసిన చోటు ఆ ఫోరమే.

'నిఘంటువులో మాటలు పోయాయి, సాయం కావాలి' అని రాసి, పాడైన ఫైలును కూడా అందరికీ కనిపించేలా పెట్టాను. ఒకరు దిద్దరిలో ఏ కూర్పు, అంటే ఏ వెర్షన్, వాడావని అడిగారు. ఇంకొకరు నా కంప్యూటర్‌లో మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేసి వేరేది ఎక్కించుకోమన్నారు. (నేను ముందు వారమే దాన్ని తీసేసి ఇది ఎక్కించాను.) మరొకాయన నిఘంటువు అనే మాట కంటే పదకోశం అనే మాట సరైనదన్నారు. దాంతో మూడు పేజీలు ఆ రెండు మాటల మీదే నడిచాయి. నా సంగతి మరిచిపోయారు. నేను కూడా తెలియకుండానే నిఘంటువు పక్షాన రెండు జవాబులు రాసి, రాశాక సిగ్గుపడ్డాను.

మర్నాడు ఉదయం అచ్చుతప్పు రాశాడు. ఆయన ఫైలు మొత్తం చదివాడు. నాకు తెలిసి ఆ పని చేసింది ఆయనొక్కడే. "బ వరుసలో గుబులుకేం పని? బుక్కెడుకూ బువ్వకూ మధ్య కూర్చుంది" అని మొదలుపెట్టాడు. దిద్దరి మాటలను మార్చింది గానీ వరుసను మార్చలేదని, పోయిన ప్రతి మాటా చెక్కుచెదరకుండా మిగిలిన రెండు మాటల మధ్య ఉందని, కాబట్టి దాని మొదటి అక్షరం ఏదో చెప్పవచ్చని, అర్థం ఎలాగూ ఉంది కనుక ఆ మాటను మళ్లీ రాబట్టవచ్చని వివరించాడు. చివర ఒక వాక్యం. "ఇక్కడ ఉండవలసింది బుగులు. భయానికి మా నానమ్మ అలాగే అనేది. మాది అచ్చంపేట. హాస్టల్‌లో ఆ మాట అన్నందుకు పిల్లలు నవ్వితే మానేశాను. ఇన్నేళ్లలో మళ్లీ రాయడం ఇదే."

ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. యాస ఎందుకని నన్ను అడిగిన మనిషి మీద అన్నాళ్లూ దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ జవాబును కాగితం మీద తీసి పట్టుకుని మళ్లీ గద్వాల పోయాను. పెద్దసారు విన్నారు గానీ ఉత్సాహపడలేదు. పోయిన మాటలు ఆరేడు వందలున్నాయి. "నాకు యాదికుంటే రాసుకునుడెందుకు? మర్సిపోత అనే గదా రాసుకున్న" అన్నారు. అదీ నిజమే. అప్పుడు వాకిట్లో కూర్చుని పుంటికూర తుంపుతున్న పెద్దమ్మ, అంటే సారు భార్య, మా ఇద్దరినీ చూసి, ఏమిటి మీ గొడవ అన్నట్టు అడిగింది. ఆమెది లింగాల పక్కన ఒక పల్లె. బడి మొహం చూడలేదు. నేను ఊరికే, ఏదో చెప్పాలి కాబట్టి, ద తో మొదలవుతుంది పెద్దమ్మా, దుబ్బ తర్వాత, దొడ్డి కంటే ముందు, దాహం అనే అర్థం అన్నాను. ఆమె ఆకు తుంపడం ఆపకుండా "దూప" అంది. ర తో మొదలవుతుంది, దిగులు అన్నాను. "రంది. నిన్నటి సంది మీ సారుకు పట్టుకున్నదే అది" అంది.

పెద్దసారు కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చారు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఒకటి తర్వాత ఒకటి అడుగుతూ పోయాం. ఆమె పుంటికూర అయ్యాక పప్పు ఏరుతూ, పప్పు అయ్యాక వాకిలి ఊడుస్తూ చెబుతూ పోయింది. నలభై మాటల దాకా వచ్చాక పెద్దసారు నెమ్మదిగా, నీకు ఇవన్నీ తెలుసని నాకెందుకు చెప్పలేదని అడిగారు.

"నువ్వు ఒక్కపారన్న అడిగినవా? సైకిలేసుకొని మాటల కోసం ఊర్లన్ని తిరిగొచ్చి, దూపయితుంది నీళ్లియ్యి అని నన్నే అడుగుతుంటివి" అంది పెద్దమ్మ.

సారు నవ్వారు. ఆ రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. తర్వాత ఆయన లేచి లోపలికి పోయి అన్నం పెట్టుకు తిన్నారు. నేను కూడా తిన్నాను. ఆ పుంటికూర పప్పు రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. (దిద్దరి దాన్ని కూడా గోంగూర అని మార్చింది. పెద్దమ్మకు ఆ సంగతి చెబితే, కూర వండేటోళ్లకు లేని ఇబ్బంది దానికెందుకు అంది.)

మూడు వారాలు రోజూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చాను. ఒప్పుకున్న వ్యాసాలన్నీ ఆలస్యమయ్యాయి. పెద్దమ్మకు తెలియని మాట తగిలితే ఫోరంలో పెట్టేవాళ్లం. అక్కడా గాలి మారింది. తలా ఒక అక్షరం పంచుకున్నారు. వాళ్ల వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లకు ఫోన్లు చేశారు. కృష్ణకు అవతల ఉండే ఒకాయన, కన్నడం కలిసిన అయిజ వైపు మాటలన్నీ తన పక్కింటావిడ చేత చెప్పించాడు. నిఘంటువు, పదకోశం తగాదా పడిన ఇద్దరూ కలిసి 'చ' వరుస మొత్తం పూర్తిచేశారు. పెద్దసారు నా చేత ఫోరంలో పేరు పెట్టించుకున్నారు. అచ్చుతప్పు ఏదైనా మాట మీద సందేహం వెలిబుచ్చితే, ఒంటి వేలితో పావుగంట టైపు చేసి, ఆ మాట ఏ ఊళ్లో ఏ గట్టు మీద విన్నారో రాసేవారు. తప్పులు దిద్దకుండా అచ్చుతప్పు వదిలేసిన ఒకే ఒక్క మనిషి మా సారు.

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. కళ్లాపి అనే అర్థమున్న 'సాన్పి'కీ 'సాలు' అనే మాటకూ మధ్య దిద్దరి 'సామాను' అని పెట్టింది. ఎదురుగా అర్థం ఇలా ఉంది: 'వలస పోయిన వాళ్ల వాకిలిని, వాళ్లు తిరిగొచ్చేదాకా ఇరుగుపొరుగు ఊడ్చి పెట్టడం. లింగాల దగ్గర ఒక కూలి ఆమె అన్నది.' పెద్దమ్మకు తెలియలేదు. ఫోరంలో ఎవరికీ తెలియలేదు. పెద్దసారు కళ్లు మూసుకుని గంటసేపు కూర్చున్నా, ఆ మనిషి తలకు చుట్టుకున్న తువ్వాల రంగు గుర్తొచ్చింది గానీ మాట గుర్తురాలేదు.

దాంతో ఒకరోజు పెద్దసారు, పెద్దమ్మ, నేను, ముగ్గురం లింగాల బయలుదేరాం. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, అక్కడి నుంచి అచ్చంపేట, అక్కడి నుంచి లింగాల. ఆ ఊరి పక్క వాడలో సగం ఇళ్లకు తాళాలున్నాయి. తాళం వేసిన ఒక ఇంటి ముందు ఒక ముసలామె నిజంగానే ఊడుస్తోంది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఇల్లు నీదేనా అని సారు అడిగారు. కాదంది. వాళ్లు పనికి పోయారు, మృగశిర దాకా రారు అంది. మరి ఇట్లా ఊడ్చి పెట్టడాన్ని మీరేమంటారు, దానికొక మాట ఉండాలి కదా అని సారు చేతులు కట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలాగా అడిగారు. ఆమె చీపురు నిలబెట్టి మమ్మల్ని ముగ్గురినీ ఒకసారి చూసింది.

"ఊడ్సుడే. దీనికి పేరెందుకు సారూ?" అంది. మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ కొంగు దోపుకుని, పక్క తాళం ఇంటి ముందున్న చీపురు తీసుకుంది.

తిరుగు బస్సులో నేను క్షమించమని అడిగాను. అన్నాళ్లూ ధైర్యం చాలలేదు. పెద్దసారు కిటికీలోంచి చూస్తూ, ఒక్క మాట పోయింది గానీ అది చేసే మనుషులు ఉన్నారు కదా అన్నారు. పుస్తకంలో ఆ చోట ఏం పెట్టాలని అడిగితే, ఖాళీగా వదలమన్నారు. అలాగే అచ్చయింది. ఒక ఖాళీ, దాని పక్కన పూర్తి అర్థం. అది ముద్రణలో జారిన తప్పనుకుని సారుకు ఉత్తరాలు రాసిన వాళ్లున్నారు. ఈ మాటేనా అని ఊహించి పంపిన వాళ్లున్నారు. ఆయన అందరికీ జవాబు రాశారు. అందులో ఏదీ ఆ మాట కాదు.

పదేళ్లు దాటాయి. ఆ ఫోరం మూతపడింది. మూసే ముందు ఎవరో పుణ్యాత్ములు పాత రాతలన్నీ ఒక చోట పెట్టారు. మొన్న ఏదో వెతుకుతూ పోయి 'పాలపిట్ట' రాసినవన్నీ కూర్చుని చదివాను. ప్రతి వాక్యం చివరా మూడేసి ఆశ్చర్యార్థకాలు. కొత్త అక్షరాల తీరు దొరికిందంటే మూడు, ఎవరో ఒక మెనూ తెలుగు చేశారంటే మూడు, కంప్యూటర్ మొండికేసిందంటే కూడా మూడే. ఇప్పుడు నేను పద్ధతిగా రాస్తాను. వాక్యానికి ఒక చుక్క పెట్టి ఊరుకుంటాను. సంపాదకులకు అది నచ్చుతుంది. అయినా, పొద్దున కంప్యూటర్ ముందు కూర్చుని చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోతున్నప్పుడు, ఆ పిల్ల పక్కన వచ్చి కూర్చుని, తన మూడింట్లోంచి ఒక్కటి నాకిస్తే బాగుండుననిపిస్తుంది.